గోడ మీది ఇంటూ

గంగక్క హోటలు గోడకు ఎర్ర ఇంటూ గుర్తు పెట్టే ముందు హబీబుల్లా అదే గోడకు ఆనుకుని కూర్చొని ఉగ్గాని తిన్నాడు. వేడివేడిగా రెండు మిరపకాయ బజ్జీలు కూడా తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కొని, లుంగీకి తుడుచుకొని, పెయింటు డబ్బా మూత తెరిచాడు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి ఉంటుందా అంటే ఉంటుంది. అది కూడా అతనే చేశాడు, ఆ వారంలోనే.

గొల్లబండ క్రాసు కళ్యాణదుర్గం నుంచి కుందుర్పి పోయే దారి మీద ఉంది. అసలు ఊరు లోపలికి పోవాలి. క్రాసులో ఉన్నదల్లా రోడ్డుకు తూర్పున పీరాసాబ్ పంచరు షాపు, ఒక టైలరు బంకు, ఇల్లూ అదే అయిన గంగక్క హోటలు. పడమటి వైపు మద్దిలేటి శెనక్కాయలు కొట్టే మిషను, దాని చుట్టూ ఎత్తైన ప్రహరీ. బస్సు బోర్డు మీద ఊరి పేరు పక్కన క్రాసు అని రాయడానికి చోటు చాలదు కాబట్టి ఇంగ్లీషు ఎక్స్ అక్షరం వేసి ఊరుకుంటారు. ఆ బోర్డులు రాసింది హబీబుల్లానే. ఫ్లెక్సీలు వచ్చాక గోడల మీద, బోర్డుల మీద రాసే పని పోయింది. కరెంటు స్తంభాలకు నంబర్లు వేసి, లారీల వెనక హారన్ కొట్టమని రాసి బతుకుతున్నాడు. అంతటి పనిమంతుడికి ఆ సోమవారం పొద్దున దొరికిన పని, ఒకే అక్షరాన్ని గోడ గోడకూ వేసుకుంటూ పోవడం.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉన్న గిరి, రోడ్డు నడుమ మేకు కొట్టి టేపు పట్టించాడు. టేపు తగిలిన కట్టడమల్లా పోవాల్సిందే, పోయేదానికల్లా ఇంటూ పడాల్సిందే. మొదట టేపు పడమటికి పోయింది. మద్దిలేటి ప్రహరీ దాటి మిషను షెడ్డు దాకా పోయింది. హబీబుల్లా బ్రష్షు ముంచి, కారుతున్న రంగును డబ్బా అంచుకు తీసి, సిద్ధంగా నిలబడ్డాడు. అప్పుడు గిరికి ఫోనొచ్చింది. గిరి ఎవరికో సరే అన్నా, సరే అన్నా అని చెప్పాడు. ఫోను జేబులో పెట్టుకొని, మేకు పీకించి, తూర్పుకు జరిపి కొట్టించాడు. రోడ్డు నడుమ ఎక్కడుందో చూసి దాన్ని బట్టి ఇండ్లు తీసేస్తారని హబీబుల్లా ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఎవరి ఇల్లు పోకూడదో చూసి దాన్ని బట్టి రోడ్డు నడుమ జరుగుతుందని ఆ పొద్దు తెలుసుకున్నాడు. తెలుసుకొని ఏం చేశాడు? రోడ్డు దాటి తూర్పుకు పోయాడు.

పంచరు షాపుకు ఒకటి, టైలరు బంకుకు ఒకటి పెట్టి, మధ్యలో ఉగ్గాని తిని, గంగక్క గోడకు వచ్చాడు. ఇంటూ వేయడానికి రెండే గీతలు. ఎడమ భుజం నుంచి కుడి నడుముకు ఒకటి, కుడి భుజం నుంచి ఎడమ నడుముకు ఒకటి. పాత సున్నం గోడ కాబట్టి మొదటి గీత పీల్చుకుంది. మళ్లీ ముంచి దాని మీదే ఇంకోసారి లాగాడు. మంచి ఎనామిల్ రంగు, ఎండకు తళతళలాడింది.

బాండలి మీద గరిటె వదిలేసి గంగక్క బయటికి వచ్చింది. ఆమెకు చదువు లేదు. ఆ గుర్తు మాత్రం ఆమెకు తెలుసు. ఆమె మొగుడు బసప్ప గొర్రెలు కాస్తాడు. సంతలో బేరం కుదిరి చేతిలో చెయ్యి పడగానే ఎర్ర రంగులో వేళ్లు ముంచి గొర్రె వీపు మీద రెండు గీతలు లాగుతారు. ఆ గీతలు పడ్డాయంటే ఇంక అది పరాయి సొత్తు, దాని ముందు నిలబడి ఎవరూ మళ్లీ బేరం ఆడరు.

"ఏమప్పా హబీబూ, అమ్ముడుపోయిన పొట్టేలుకు కొట్టినట్ల కొట్టినావే" అంది గంగక్క. "నా ఇల్లు ఎవురికి అమ్మినావప్పా?"

"నాదేముందక్కా. వాళ్లు సూపిచ్చిన చోట పెడతాండా."

"ఇది కడిగితే పోతాదా?"

"ఎనామిల్ అక్కా. పోదు."

"మా రంగూ అంతే. బొచ్చు కత్తిరిచ్చేదాకా పోదు" అని ఆమె లోపలికి పోయింది. బజ్జీలు మాడిన వాసన వస్తోంది.

ఆ సాయంత్రం ఇంట్లో హబీబుల్లా చేతికి అంటిన ఎరుపును కిరసనాయిలుతో తుడుచుకుంటూ, పొద్దంతా ఒక అక్షరమే రాసి చెయ్యి నొప్పి పుట్టిందని కూతురికి చెప్పుకున్నాడు. నాజ్‌నీన్ ఇంటరు పూర్తి చేసింది, లెక్కల్లో గట్టిది. అనంతపురంలో డిగ్రీ సీటు వచ్చింది, హాస్టలుకు పంపాలి. ఆ మాట ఆ పిల్ల రోజూ అడగదు. అడగకుండా పెట్టె సర్దుకుంటోంది, అదే అతనికి ఇంకా కష్టంగా ఉంది. తండ్రి మాటకు ఆ పిల్ల నవ్వి, మా సారు కూడా పొద్దంతా అదే కొడతాడు నాయనా, తప్పు రాస్తే ఇంటూ అంది. మరి నీ లెక్కల పుస్తకం నిండా కూడా అదే అక్షరం ఉంటుంది కదా, అవన్నీ తప్పులేనా అని అడిగాడు.

"లెక్కల్లో అది తప్పు గాదు. దానికంటా ఒక విలువ ఉండదు నాయనా. ఏ లెక్కలో పెడితే ఆ లెక్కను బట్టి మారతాది."

ఇదేదో బాగుందే అనుకున్నాడు హబీబుల్లా. మనిషి విలువ కూడా అట్లే మారితే ఎట్లా ఉంటుందో అతను ఆలోచించలేదు.

బుధవారానికే ఆ గుర్తు విలువ మారింది. పంచాయతీ సెక్రటరీ గంగక్క హోటల్లో టీ తాగుతూ కాగితం చదివి వినిపించాడు. ఇంటూ పడిన ప్రతి కట్టడానికీ ప్రభుత్వం పరిహారం ఇస్తుంది, ఊరి లేఅవుటులో ఇంటి స్థలం కూడా ఇస్తుంది. శుక్రవారం సార్లు వచ్చి గుర్తు గుర్తుకూ ఫోటో తీసుకుంటారు, ఫోటోలో పడినదానికే లెక్క. అంతే, క్రాసు క్రాసంతా తలకిందులైంది. సోమవారం నుంచి అన్నం మానేసిన టైలరు తన బంకు మీది ఇంటూకు పసుపు కుంకుమ పెట్టాడు. పీరాసాబ్ తన గుర్తు మీద దుమ్ము పడకుండా గోనెపట్ట వేలాడదీశాడు. రోడ్డుకు అందనంత దూరంలో ఇండ్లున్నవాళ్లు కూడా హబీబుల్లా బండికి అడ్డం పడి, నా గోడకొకటి కొట్టరాదా అన్నా, నీ సొమ్మేం పోయింది అని బతిమాలారు. జన్మలో అతనికి అంత గిరాకీ రాలేదు.

గంగక్క మాత్రం అంతా విని, గ్లాసులు కడుగుతూ, కొత్త స్థలం క్రాసుకు దగ్గరుంటే ఈడ మాదిరే పొయ్యి పెట్టుకోవచ్చు అంది. ఆమెకు కావలసింది అంతే, బస్సు ఆగే చోట ఒక పొయ్యి.

గురువారం పొద్దున మద్దిలేటి కబురు పెట్టాడు. రోడ్డు నడుమను ఫోనులో జరిపించినవాడు ఆయనే. పరిహారం సంగతి తెలిశాక జరిపించుకున్నందుకు కుమిలిపోయాడట. అయితే ఆయన ఊరికే కుమిలే రకం కాదు. గంగక్క హోటలు వెనక ఆయన భార్య పేరు మీద ఖాళీ జాగా ఉంది. ముందున్న హోటలు తుండు జాగా ప్రభుత్వానిదని అందరికీ తెలుసు, గంగక్క అక్కడ పొయ్యి పెట్టినప్పుడు ఎవరూ అడ్డం చెప్పలేదు. మద్దిలేటి రాత్రికి రాత్రి కూలీలను పెట్టి ఆ ఖాళీ జాగాలో సిమెంటు ఇటుకలతో వరసగా గదులు లేపేశాడు. గచ్చు లేదు, తలుపు లేదు, పైన రేకులు మాత్రం కప్పారు. గిరి అప్పటికే అక్కడున్నాడు.

మద్దిలేటి మెత్తగా మాట్లాడతాడు. కుర్చీ తెప్పించి హబీబుల్లాను కూర్చోబెట్టాడు. నాజ్‌నీన్‌కు సీటొచ్చిన సంగతి కూడా ఆయనకు తెలుసు. మన సాయిబుల పిల్ల లెక్కల్లో మొదటొచ్చింది, చదివించాల్సిందే అన్నాడు. ఈ రోడ్డు పొడుగునా కిలోమీటరు రాళ్లు, ఊరి పేర్ల బోర్డులు, వంతెనల మీద గీతలు, అన్నీ నీతోనే రాయించమని గిరికి చెప్పినా అన్నాడు. గిరి తలూపాడు. అంత పని హబీబుల్లా ఫ్లెక్సీలు రాని కాలంలో కూడా చూడలేదు. తరవాత మద్దిలేటి అసలు సంగతికి వచ్చాడు. ఈ తుండుకంతా ఒకటే గుర్తు, ఒకటే పేరు, అది ఆయన భార్యది. ముందు గోడది తుడిచేసి, దాన్ని ఈ గోడకు పెట్టాలి.

"పెట్టమంటే పెడతా సామీ" అన్నాడు హబీబుల్లా. "తుడిసేది నాతో గాదు. ఆయమ్మ చేతి కూడు తింటాండా."

"తుడిసేకి ఎవురైనా ఉంటారు లేప్పా. నువ్వు పెట్టు సాలు. రేపు సార్లు అడిగితే ఏం జెప్పల్లో తెలుసు గదా."

పచ్చి సిమెంటు ఇటుక మీద ఎనామిల్ నిలవదు. వేసిన గీత వేసినట్టే కిందికి కారింది. హబీబుల్లా గుడ్డతో అద్ది, ఆరనిచ్చి, మళ్లీ వేశాడు. తుడవనన్నాను కదా, నా పాపం లేదు అని చేతికి చెప్పుకుంటూ వేశాడు. పని ముగించి ముందు వైపుకు వస్తే గంగక్క బిందె చంకన పెట్టుకొని బోరు దగ్గర నుంచి వస్తోంది. ఆ గోడను కాస్త కనిపెట్టుకొని ఉండక్కా, ఎవరైనా తుడుస్తారేమో చూసుకో. చెప్పాల్సింది ఇంతే. నోట్లో నీళ్లు పుక్కిలించి ఉమ్మేంత సేపు పట్టదు. అతను బండి స్టార్టు చేశాడు. పొద్దున చెబుదాంలే అనుకున్నాడు. మంచి పనిని పొద్దుటికి వాయిదా వేసే బుద్ధి అతనొక్కడిదే కాదు, కానీ ఆ పొద్దు అతనిదే.

శుక్రవారం పొద్దున హబీబుల్లా వచ్చేసరికి గంగక్క గోడ తెల్లగా మెరిసిపోతోంది. కింద ఎర్రమన్ను పట్టీ కూడా తీర్చి ఉంది. మద్దిలేటి మనుషులు తుడిచారేమో అనుకున్నాడు. వాళ్లు కాదు, ఆమే.

ఆ రోజు పీర్ల పండగ. ఊరి చావిడి నుంచి పీర్లు క్రాసుకు వస్తాయి, ఏటా గంగక్క వాకిట్లో ఆగుతాయి. పీరు ఎత్తుకున్నవాళ్ల కాళ్లకు ఆమె బిందెడు నీళ్లు పోసి, బెల్లం చదివిస్తుంది. దానికి ముందు గోడకు సున్నం కొట్టడం ఆమె పెళ్లై వచ్చినప్పటి నుంచీ ఉన్న ఆనవాయితీ. వానలు పడి విత్తనం వేసిన ఏడూ కొట్టింది, చుక్క రాలక ఊరు ఊరే వలసపోయిన ఏడూ కొట్టింది. వాకిట్లోకి వచ్చే సామికి అమ్ముడుపోయిన గోడను చూపించడానికి ఆమెకు మనసు రాలేదు. ఎర్రగా కనపడుతూనే ఉంటే పూత మీద పూత వేసింది. మోచేతుల దాకా సున్నం పొక్కులతో, చూడు ఎట్లుందో అన్నట్టు గోడ పక్కన నిలబడింది.

హోటలు పక్క నీడలో బసప్ప ఆ పొద్దే అమ్మిన పొట్టేళ్లకు రంగు పెడుతున్నాడు. కొన్నవాడి ఆటో రోడ్డు మీద ఆగి ఉంది. గంగక్క ఒక్కొక్క పొట్టేలును కొమ్ములు పట్టి నిలబెడుతుంటే అతను గీతలు లాగుతున్నాడు. రంగు సత్తుగిన్నె అరుగు మీద ఉంది.

"ఎంత పని చేసినావక్కా" అన్నాడు హబీబుల్లా. "ఇయ్యాల సార్లు వస్తారు గదా. గుర్తు లేకుంటే ఎట్లా?"

గంగక్క అతన్ని వింతగా చూసింది.

"గుర్తుదేముందప్పా. పెట్టినోడివి నువ్వుండావు గదా. నువ్వు జెప్తే సాలదా?"

ఆమె తప్పేమీ లేదు. సంతలో ఆమె చూసిన లోకం అదే. రంగు గొర్రె కోసం, మాట మనుషుల కోసం. బేరం దగ్గర నిలబడిన మనిషి ఉన్నాడంటే రంగు చెరిగినా గొర్రె మారదు. ఆ సంత లెక్కను ఆమె తెచ్చి హబీబుల్లా మీద పెట్టుకుంది. సాలుతాదిలే అక్కా అన్నాడతను. అన్న క్షణంలో నిజంగానే అన్నాడు. పైగా ఆ సున్నం సంగతి అతనికి తెలుసు. నున్నటి ఎనామిల్ మీద సున్నం పట్టదు, పొరగా నిలుస్తుంది. చేత్తో రుద్దితే రాలిపోయి కింద గుర్తు బయటపడుతుంది. కాబట్టి భయం లేదు అనుకున్నాడు. అలవాటు కొద్దీ గోడకు ఆనుకున్నాడు.

జీపు వచ్చింది. డిప్యూటీ తాసిల్దారు, ఫోనుతో ఫోటోలు తీసే ఒక సర్వే అమ్మాయి, వెనక గిరి. మద్దిలేటి తన కారు దిగి, సార్లకు నమస్కారం పెట్టి, దూరంగా కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. పీరాసాబ్ గోనెపట్ట ఎత్తి చూపించాడు, ఫోటో తీశారు. టైలరు బంకు పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డాడు, ఫోటో తీశారు. హోటలు ముందుకు వచ్చి తాసిల్దారు ఆగాడు. ఇక్కడ గుర్తేమీ లేదే అన్నాడు. లేదు సార్, ఈ తుండుకు గుర్తు వెనకుంది అన్నాడు గిరి.

గంగక్క పొట్టేలును వదిలేసి వచ్చింది. గట్టిగా కూడా మాట్లాడలేదు. సోమవారం గుర్తు పెట్టినారని, పండగని తానే సున్నం కొట్టిందని, కావాలంటే పెట్టినాయప్ప ఇక్కడే ఉన్నాడు అడగమని చెప్పింది. చెప్పి, నిశ్చింతగా హబీబుల్లా వైపు చూసింది. అందరూ చూశారు. మద్దిలేటి మాత్రం చూడలేదు. ఆయన ఇంకా అద్దాలే తుడుచుకుంటున్నాడు.

హబీబుల్లా వీపు ఆ గోడకే ఉంది. సరిగ్గా ఆ గుర్తు మీదే ఉంది. ఒక్క అడుగు పక్కకు జరిగి, అరచేత్తో ఒక్కసారి రుద్దితే చాలు. మాట కూడా అక్కర్లేదు. నాజ్‌నీన్ సర్దుకున్న పెట్టె కళ్ల ముందు మెదిలింది. రోడ్డు పొడుగునా రాయాల్సిన రాళ్లు మెదిలాయి. అతను వీపును గోడకు ఇంకాస్త గట్టిగా అదిమాడు.

"ఏమయ్యా, ఈ గోడకు గుర్తు పెట్టింది నువ్వేనా?"

"ఈ గోడకు గాదు సార్" అన్నాడు హబీబుల్లా. "ఎనక గోడకు."

తాసిల్దారు తలాడించి వెనక్కి నడిచాడు. అమ్మాయి వెళ్లింది, గిరి వెళ్లాడు, మద్దిలేటి అద్దాలు పెట్టుకొని వెళ్లాడు. ఇంకా తడి వాసన కొడుతున్న ఇటుకల మీది ఇంటూకు ఫోటో పడింది. జీపు తిరిగి రోడ్డెక్కి కుందుర్పి వైపు పోయింది. పీరాసాబ్ నోరు తెరవబోయి, తన గోనెపట్ట వైపు చూసుకొని మూసుకున్నాడు. టైలరు అప్పటికే బంకులో దూరాడు.

హబీబుల్లా గోడ నుంచి కదిలాడు. అతని చొక్కాతో పాటు సున్నం పెచ్చు లేచి వచ్చింది. గోడ మీద ఎర్ర గీత ఒకటి నిండుగా, ఇంకొకటి సగం బయటపడ్డాయి. గంగక్క ఆ గీతల్ని చూసింది, తరవాత అతన్ని చూసింది. తిడుతుందని అతను కాచుకున్నాడు. నోటికి వచ్చినట్టు తిట్టి, మన్ను ఎత్తి పోస్తే బాగుండుననుకున్నాడు. ఆమె అరుగు దాకా పోయి, మళ్లీ వచ్చింది.

"ఆగప్పా" అంది. "ఈపంతా సున్నమైండాది."

అతన్ని అటు తిరగమని, అరచేత్తో వీపు దులిపింది. పసిబిడ్డను దులిపినట్టు నెమ్మదిగా దులిపింది. ఈమె మనసే అంత, ఇంత చేసినా కడుపులో పెట్టుకుంది అనుకున్నాడు. హాస్టలు పని కాగానే ఈమెకు ఏదో ఒకటి చెయ్యాలి, కొత్త బోర్డైనా రాసివ్వాలి అనుకున్నాడు. ఆమె వేళ్లు ఎడమ భుజం నుంచి నడుము దాకా తడిగా ఒకసారి, కుడి భుజం నుంచి ఒకసారి జారాయి. చేతులు కడుక్కొని వచ్చిందేమో అనుకున్నాడు.

"ఇంగ పో నాయనా" అంది గంగక్క.

అతను బండెక్కాడు. ఆటోలో పొట్టేళ్లను ఎక్కిస్తున్న బసప్ప అతను దాటిపోయాక ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ తాడు ముడి వేసుకున్నాడు. దారిలో బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు చూసి ఏదో అనుకున్నారు. హబీబుల్లా పట్టించుకోలేదు.

ఇంట్లో నీళ్లు తాగడానికి కుండ దగ్గర వంగితే వెనక నుంచి నాజ్‌నీన్ పకపకా నవ్వింది.

"నాయనా, నీ ఈపు మీద ఇంటూ ఎవురు కొట్టినారు? ఏం తప్పు రాసినావు?"

హబీబుల్లా చొక్కా విప్పి చూశాడు. సున్నం మరకల మీద రెండు ఎర్ర గీతలు, వేళ్ల వెడల్పున, భుజాల నుంచి నడుము దాకా. అంత పొందికగా అతను కూడా వేయలేడు. కుండ మీద మూత పెట్టాడు. నీళ్లు తాగలేదు.

నాజ్‌నీన్ చొక్కా లాక్కొని పెరట్లో బండ మీద వేసింది. సబ్బు పెట్టింది, పోలేదు. తండ్రి వాడే కిరసనాయిలు తెచ్చి పోసింది. వదిలేయ్ తల్లీ, అది పోదు అన్నాడు హబీబుల్లా. ఎందుకు పోదు, రంగే కదా అంది ఆ పిల్ల. ఆ రంగు ఎప్పుడు పోతుందో అతనికి గంగక్క సోమవారమే చెప్పింది.

గోడకు వీపు ఆనించబోయి, మానుకొని, గడప మీద కూర్చున్నాడు. ఫోను మోగింది. గిరి. సోమవారం నుంచి రాళ్ల పని మొదలు, కుందుర్పి వైపు నుంచి వస్తాం, డబ్బా బ్రష్షు తీసుకొని పొద్దున్నే రావాలన్నాడు.

"యాడికి రమ్మంటే ఆడికి వస్తా అన్నా" అన్నాడు హబీబుల్లా.

పెరట్లో నాజ్‌నీన్ ఇంకా రుద్దుతూనే ఉంది.